సౌలు వంటివాడు సహోదరుడగునా?

పాఠభాగము: అపొస్తలుల కార్యములు 7:54 మొదలు 9:31 వరకు. దీనితోకూడ అదే గ్రంథములోని 22, 26 అధ్యాయములను, 1 తిమోతి 1:12–16 వచనములను ఇంటివద్ద నిదానముగా చదువుకొనుడి.



ఉదయగిరి దుర్గము మన మెట్ట ప్రాంతపు వారందరు ఎరిగినదే. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఆ కోటను ముట్టడించి, రమారమి పదునెనిమిది నెలలు దాని క్రింద దండు విడిసియుండి, 1514లో గాని దానిని పట్టుకొనలేకపోయెను. కొండమీది కోటనైనను ఆలాగున పట్టుకొనవచ్చును. త్రోవలు మూసి, లోనివారికి గింజ అందకుండ చేసి, వారు అలసిపోవువరకు కనిపెట్టవచ్చును. మనుష్యుని హృదయము అట్టి కోట కాదు. ముట్టడిచేత అది తలుపు తీసినను, లోపలనున్న మనుష్యుడు మారినట్లు కాదు. ఈ నెల మనము ధ్యానింపవలసిన సంగతి ఇదియే.

సంఘములో ప్రార్థన విన్నపములు చెప్పుకొను వేళ, "అయ్యగారూ, ఆ మనిషి ఉన్నంతకాలము మా ఊళ్లో ప్రార్థన సాగదండీ" అని చెప్పువారు కలరు. ఆత్మకూరు వైపు పల్లెయైనను, ఉదయగిరి వైపు పల్లెయైనను ఈ మాట ఒక్కటే. ఆ మనుష్యుని కొరకు ప్రార్థింతురు. అయితే ఏమని ప్రార్థింతురు? వాడు మారవలెనని పైకి అడుగుచు, వానికేదైన దెబ్బ తగిలిన బాగుండునని లోలోపల కోరుకొనువారు లేకపోలేదు. వాడు నిజముగా మారునని నమ్మువారు బహు కొద్దిమంది. దమస్కులోని విశ్వాసులును నమ్మలేదు, యెరూషలేములోని శిష్యులును నమ్మలేదు. గనుక మన అపనమ్మకము క్రొత్తది కాదు.

సౌలు ఎటువంటి విరోధియో మొదట చూతము. స్తెఫనును రాళ్లతో కొట్టినప్పుడు అతడు రాయి విసరినట్లు వ్రాయబడలేదు. కొట్టువారి వస్త్రములు అతని పాదములయొద్ద ఉంచబడెను. అది కొంచెము పని అనుకొనకుడి. ముందు నిలిచి కొట్టువానికంటె, ప్రక్కన నిలిచి కొట్టుటకు ధైర్యమిచ్చువాడు మరింత అపాయకరమైనవాడు. పిమ్మట అతడు ఇంటింట జొరబడి పురుషులను స్త్రీలను ఈడ్చుకొనిపోయి చెరసాలలో వేయించెను. వారిని చంపుటకు తాను సమ్మతి తెలిపితిననియు, వారిచేత దేవదూషణ చేయించుటకు బలవంతపెట్టితిననియు తానే అగ్రిప్ప ఎదుట ఒప్పుకొనెను (26:10–11). అదియు చాలక దమస్కుకు పత్రికలు అడిగి తీసికొని బయలుదేరెను. యెరూషలేమునుండి దమస్కు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. అనగా ఉదయగిరినుండి నెల్లూరుకు పోయి మరల వచ్చినంత దూరము. తన ఊరిలో ఉన్నవారిని మాత్రమే ద్వేషించు విరోధి కాడు, అంతదూరము ప్రయాణమై వెదకి పట్టుకొను విరోధి.

ఇంత ద్వేషము ఎక్కడనుండి వచ్చెను? అతడు దుర్మార్గుడు గనుక అని చెప్పుట సులభము, గాని లేఖనము ఆలాగు చెప్పుట లేదు. అతడు గమలీయేలు పాదములయొద్ద చదువుకొన్నవాడు. ఆ గురువు నెమ్మదిగలవాడు. ఈ మనుష్యుల జోలికి పోవద్దని మహాసభలో సలహా చెప్పినవాడు (5:34–39). శిష్యుడు గురువును మించిపోయెను. మ్రానున వ్రేలాడదీయబడినవాడు దేవునిచేత శపింపబడినవాడని ధర్మశాస్త్రములో నున్నది (ద్వితీయోపదేశకాండము 21:23). అట్టి మరణము పొందిన వానిని క్రీస్తు అని ప్రకటించుట సౌలు చెవికి దేవదూషణగా వినబడెను. సిలువను గూర్చిన బోధ ఎంత ఆశ్చర్యమైనదో అతనికి అర్థమైనది. అర్థమైనందుననే కోపము వచ్చినది. ఏండ్ల తరబడి ఆదివారము ఆదివారము ఆ మాటనే వినుచు నిదురపోవు మనకంటె అతడు దానిని మేలుగా ఎరిగియుండెనని చెప్పిన తప్పు కాదు. అదే గ్రంథములో గల్లియోను చూడుడి (18:12–17). అతనికి కోపము లేదు, ద్వేషము లేదు, ఏ చింతయు లేదు. ఫేలిక్సు పౌలును మాటిమాటికి పిలిపించి మాటలాడెను గాని లంచము మీద ఆశతో పిలిపించెను. వీరిద్దరిలో ఎవడును మారినట్లు మనము చదువము. మండిపడినవాడే మారెను. గనుక మీ ఊరిలో నవ్వి పోవువానికంటె తగవులాడువాడే దేవుని రాజ్యమునకు దగ్గరగా ఉండవచ్చునని నా తలంపు. ఉండియే తీరునని అనుట లేదు.

ఇరువదియారవ అధ్యాయములో పౌలు తన సంగతి చెప్పుకొనుచు, మునికోలకు ఎదురు తన్నుట అతనికే కష్టమని ప్రభువు తనతో చెప్పినట్లు తెలుపుచున్నాడు. పట్టణపు వారికి ఈ మాట విప్పి చెప్పవలెను గాని మన రైతులకు అక్కరలేదు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత మన పొలములలో ములుకోల అరుదైనది, అయినను పెద్దవారికి జ్ఞాపకమే. దుక్కి నేర్చుకొను కోడె కాలు విసరి తన్నినకొలది ములుకు దానికే గ్రుచ్చుకొనును. అనగా దమస్కు త్రోవలో వెలుగు ప్రకాశింపకమునుపే సౌలును ఏదియో పొడుచుచుండెను. అది ఏమిటని లేఖనము చెప్పలేదు. స్తెఫను ముఖమే అయియుండునని నేననుకొందును. చనిపోవుచు తన్ను చంపువారి క్షమాపణకొరకు మోకాళ్లూని ప్రార్థించిన మనుష్యుని చూచి మరచుట కష్టము. ఎన్నో ఏండ్ల తరువాత యెరూషలేము మెట్లమీద నిలిచి మాటలాడినప్పుడును పౌలు ఆ దినమును, ఆ వస్త్రములను పేర్కొనెను (22:20). స్తెఫను ప్రార్థింపనియెడల సంఘమునకు పౌలు దొరకియుండడని పూర్వికుడైన అగస్టీను బోధించెను. ఈడ్వబడిపోయిన ఆ స్త్రీపురుషులు గూడ త్రోవలో ఏమి పలికిరో, శపించిరో పాడిరో, మనకు వ్రాయబడలేదు. సౌలు మాత్రము వినెను.

ఇక మన దేశమునకు వత్తము. నెల్లూరు మెట్టకు సువార్త వచ్చిన త్రోవ మీకు తెలిసినదే. అమెరికా బాప్తిస్టు మిషను వారైన శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరిలో నిలిచిరి. ఒంగోలు 1866లోను, ఉదయగిరి 1885లోను, ఆత్మకూరు 1893లోను మిషను స్థానములాయెను. ఈ నాలుగు తేదీల నడుమ ఎంత విరోధము నడిచెనో పాతకాలపు వ్రాతలలో నున్నది. ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారి కాలమున క్రొత్తగా విశ్వసించిన మాదిగలను కొన్ని ఊళ్లలో పెద్దలు నీళ్లకు రానియ్యలేదు, అంగళ్లలో సరకు అమ్మనియ్యలేదు, వారిమీద అబద్ధపు వ్యాజ్యములు వేయించిరి. ఇది కఠినమైన అన్యాయము. అయినను దాని వెనుకనున్న కారణమును గూడ చూడవలెను. విశ్వసించినవారు మూడు నియమములు పట్టుకొనిరి. ఆదివారము పని చేయరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. దీనివలన ఊరి జాతరలో డప్పు కొట్టువాడు లేకపోయెను. కోతల దినములలో ఆదివారము పొలములో కూలి లేకపోయెను. కపిలకు తోలు బాన కుట్టి ఇచ్చువాడు, చెప్పులు కుట్టువాడు, తలవంచి నిలుచువాడు, ఇప్పుడు తల ఎత్తి మాటలాడసాగెను. ఊరి కాపునకు కోపము వచ్చినది యేసు ప్రభువుమీద కాదు. ఆయనను గూర్చి అతడు వినియే యుండడు. తన సేద్యము, తన పెద్దరికము పోవునని భయపడెను.

కాబట్టి విరోధియైన ప్రతివాడును దేవుని విరోధి అనుకొనరాదు. ఒకడు పొలమును గూర్చి భయపడును. ఒకడు తన కుమారుడు వేరుపడిపోవునని, తన చావునకు కర్మ చేయువాడుండడని భయపడును. ఒకడు ఎప్పుడో క్రైస్తవుడొకనిచేత మోసపోయి, ఆ చేదును మన అందరిమీద పెట్టుకొనును. మరియొకడు రాత్రి పదిగంటలకు గూడ మ్రోగు మన మైకువలన నిదుర లేక విసిగియుండును! ఈ చివరివానిని సౌలు అని పిలుచుట సౌలునకే అవమానము. మైకు ఆపిన చాలును.

మరియొక సంగతి. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున గొప్ప కరవు వచ్చినప్పుడు, క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు పుచ్చుకొని ఆకలిగొన్న వేలమందికి కూలి కలుగజేసిరి. బాప్తిస్మమిమ్మని గుంపులుగా అడిగినను ఆ కరవు కాలమున ఒక సంవత్సరమునకు పైగా ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చిరనియు, అన్నముతో కొనిరనియు ఎవరును అనకుండునట్లు ఆలాగు చేసిరి. సహాయపు పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద 2,222 మందికి బాప్తిస్మమాయెను. ఆ లెక్కనే మనము పండుగలలో గొప్పగా చెప్పుకొందుము. దానికి ముందు గడచిన ఆ నెలలను గూర్చి ఎవరును చెప్పరు. ఆకలితో ముట్టడించి హృదయమును పట్టుకొనుటకు ఆయనకు అవకాశముండెను. దానిని వాడుకొనలేదు. నేటి దినములలో మతమార్పిడి అను మాట వినగానే జనులు రెండు పక్షములుగా నిలిచి అరచుకొనుచున్నారు గనుక దీనిని మరింత గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. మన రాజ్యాంగము 25వ అధికరణములో మనస్సాక్షి స్వాతంత్ర్యమును ప్రతివానికిని ఇచ్చినది. అది మనకున్నట్లే మనలను ఎదిరించువానికిని కలదు.

తెలుగు దేశములో ఎక్కువమంది ఎరిగిన సౌలు వంటి మనుష్యుడు ఎవరనగా భక్త సింగ్ గారు. ఆయన తెలుగువాడు కాడు. 1903లో పంజాబులోని జోయియా అను పల్లెలో సిక్కు భక్తిగల ఇంట పుట్టెను. మిషను బడిలో చదువుకొనుచు గూడ క్రైస్తవులనగా అసహ్యించుకొనెను. ఇంటర్మీడియట్ పరీక్షలో గెలిచినప్పుడు ఎవరో ఆయనకు అందమైన బైబిలు కానుకగా ఇచ్చిరి. ఆయన దాని పుటలన్నియు చింపివేసి, తోలు అట్ట బాగున్నదని అట్టను మాత్రము ఉంచుకొనెను. ఆ బైబిలు ఇచ్చినవారు ఎంత నొచ్చుకొనిరో! తమ కానుక వ్యర్థమైనదనియే తలంచియుందురు.

1926లో ఆయన ఇంజనీరు చదువునకై ఇంగ్లండునకు పోయెను. అక్కడ తన మతాచారములను గూడ విడిచిపెట్టెను. 1928లో ఓడమీద కెనడాకు పోవుచుండగా, భోజనశాలలో క్రైస్తవారాధన జరిగెను. తోటి ప్రయాణికుల మర్యాద కొరకు మాత్రమే దానికి వెళ్లెను. అందరు మోకాళ్లూనినప్పుడు తాను ఊనుటయా మానుటయా అని వెనుకాడెను. చదువుకొన్నవాడనను గర్వము, దేశాభిమానము, మతాభిమానము అన్నియు అడ్డు వచ్చెను. చివరకు ఇతరుల యెడల గౌరవము చేత మోకాళ్లూనెను. అక్కడనే తన లోపల ఏదియో కదలినదని తరువాత సాక్ష్యమిచ్చెను. మరుసటి ఏట, 1929 డిశంబరులో, కెనడాలోని విన్నిపెగు పట్టణములో, తోటి విద్యార్థి నొకనిని బైబిలు అడిగెను. అతడు తన జేబులోని క్రొత్త నిబంధననే తీసి ఇచ్చెను. ఒకప్పుడు చింపిన గ్రంథమును ఈసారి తెల్లవారుజాము వరకు చదివెను. యోహాను సువార్త మూడవ అధ్యాయము చదువుచుండగా మోకాళ్లమీద పడెను.

ఇందులో గమనింపవలసినది ఒకటి కలదు. ఆయనతో వాదించి గెలిచినవాడు ఎవడును లేడు. ఒకరు బైబిలు ఇచ్చిరి. ఓడమీద కొందరు ఆయన ప్రక్కన మోకరించిరి. ఒక విద్యార్థి తన జేబు పుస్తకమును వదలుకొనెను. పిమ్మట విన్నిపెగులో జాన్ హేవార్డు, ఈడిత్ హేవార్డు అను దంపతులు ఆయనను భోజనమునకు పిలిచి, తమ ఇంటనే ఉంచుకొనిరి. ఆ ఇంటిలో భోజనపు బల్లయొద్ద దినదినము వాక్యము చదువుట వాడుక. భారతదేశమునుండి వచ్చిన యువకుని బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుట ఆ కాలమున ఆ దేశములో అందరు చేయు పని కాదు. ఆయన అక్కడ పెరిగెను. 1932 ఫిబ్రవరిలో వాంకూవరులో బాప్తిస్మము పొంది, 1933 ఏప్రిలులో బొంబాయి రేవున దిగెను. ఈ సంగతి రహస్యముగా ఉంచుమని తలిదండ్రులు బ్రతిమాలిరి. కుటుంబపు పరువు వారి భయము. ఆయన ఒప్పుకొననందున వారు ఆయనను విడిచి వెళ్లిరి. మన పల్లెలలో క్రొత్తగా విశ్వసించినవారు ఈ రేవును ఎరుగుదురు.

తరువాతి చరిత్ర మీలో అనేకులకు తెలియును. మద్రాసులో 1941లో యెహోవా షమ్మా, హైదరాబాదులో 1950లో హెబ్రోను వెలసెను. మన జిల్లాలోను ఆయన ద్వారా కూడివచ్చినవారు అనేకులు. ఆయన బోధ మిషను సంఘములవారికి అన్నివేళల రుచింపలేదనుట నిజమే, ఆ తగవు ఇక్కడ మనకు వద్దు. ఆయన 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో ప్రభువునందు నిద్రించెను. బైబిలు పుటలు చింపిన చేతులు ఆ గ్రంథమును పట్టుకొని రమారమి డెబ్బది ఏండ్లు గడిపెను.

అయితే విరోధులందరు ఇట్లు మారుదురా? మారరు. సౌలుతో కూడ ప్రయాణము చేసినవారు ఆ త్రోవలోనే ఉండిరి, ధ్వని వినిరి, నేలను పడిన అతనిని చెయ్యి పట్టుకొని నడిపించిరి. వారిలో ఒక్కడైనను విశ్వసించినట్లు వ్రాయబడలేదు. అగ్రిప్ప అంతయు విని లేచి వెళ్లిపోయెను. మారుట దేవుని చేతిలోనిది, ఆ మనుష్యుని ఇష్టములోనిది. మన ప్రార్థనకు కూలిగా దానిని అడుగరాదు. ఎవని కొరకో ఇరువది ఏండ్లు ప్రార్థించి, వాడు ఆలాగే చనిపోగా కన్నీళ్లతో నిలిచిన తల్లులున్నారు. వారి విశ్వాసము చాలలేదని చెప్పు బోధకులు స్తెఫనును గూర్చి ఏమందురు? అతడు తన ప్రార్థనకు జవాబు చూడకయే చనిపోయెను.

మన పని ఎక్కడ మొదలగునో తొమ్మిదవ అధ్యాయము చూపుచున్నది. వెలుగు ప్రకాశింపజేయుట అననీయ పని కాదు. తలుపు తట్టుట అతని పని. అతడు భయపడెను. ఈ మనుష్యుడు ఎంత కీడు చేసెనో విన్నానని ప్రభువుతోనే చెప్పుకొనెను. ప్రభువు అతనిని గద్దింపలేదు, వెళ్లుమని మరల చెప్పెను. అతడు వెళ్లి, మొదట చేతులుంచెను, మొదటి మాటలోనే సహోదరుడని పిలిచెను. ఇంకను బాప్తిస్మము కాలేదు, పరీక్ష జరుగలేదు, సంఘపెద్దలు కూర్చుండి తీర్మానింపలేదు. మనము ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నాము. ఒకప్పుడు మనలను తిట్టినవాడు ఆదివారమున గుడి వాకిట నిలిచిన, వీడు ఏ ఎత్తుతో వచ్చెనో అని కన్ను తిప్పుకొందుము. లేదా దానికి వేరుగా మరియొక తప్పు చేయుదుము. వచ్చిన నెలకే వానిని వేదిక ఎక్కించి, ఫ్లెక్సీలో బొమ్మ వేయించి, పూర్వము ఎంత చెడ్డవాడో కూటము కూటమునకు చెప్పించి, ఫోనులలో ఆ వీడియో పంపుదుము. వాని ఇంటివారు, వాని ఊరివారు దానిని చూచి తలవంచుకొందురు. సౌలు వెంటనే దమస్కు సమాజమందిరములలో మాటలాడెను, నిజమే, గాని అరేబియాకు పోయెను (గలతీయులకు 1:17), చివరకు తార్సుకు పంపబడి ఏండ్ల తరబడి మరుగున ఉండెను. బర్నబా యెరూషలేములో అతని చేయి పట్టుకొని అపొస్తలులయొద్దకు తెచ్చినప్పుడు ఒక్కడే పూచీ పడెను. సంఘమంతయు వెనుకాడుచుండగా ఒక్కడు చాలెను.

ఈ నెల ఇండ్ల కూటములలో ఈ భాగము చదువునప్పుడు మీ ఊరి విరోధి పేరు పైకి చెప్పుకొనవద్దని నా మనవి. ఆ మాట సాయంకాలమునకే అతని చెవిని పడును. పేరు మనస్సులో ఉంచుకొని, అతడు ఏమి పోవునని భయపడుచున్నాడో ఆలోచించుడి. ఆ భయములో న్యాయమేమైన ఉన్నదా, మనము సరిచేసుకొనవలసినదేమైన ఉన్నదా అని ఒకరినొకరు అడుగుడి. పిమ్మట తొమ్మిదవ అధ్యాయములోని పందొమ్మిదవ వచనమును మరల చదువుడి. మూడు దినములు అన్నపానములు లేక గ్రుడ్డివాడై యూదా అనువాని ఇంట పడియున్న సౌలు అప్పుడు ఆహారము పుచ్చుకొని బలము పొందెను. ఆ పూట వండినవారెవరో, వడ్డించినవారెవరో లూకా వ్రాయలేదు. దమస్కులోని శిష్యులను కట్టి తెచ్చుటకు ప్రధానయాజకుడు ఇచ్చిన పత్రికలు ఆ వేళకు ఇంకను అతని సంచిలోనే ఉండియుండును.